పెళ్ళి భోజనాలు ఎవరికి అప్పజెప్పాలి? ఆఖరి బంతి నుంచి వెనక్కి ఆలోచించండి

మొదటి బంతిలో కూర్చున్నవాళ్ళకి ఏ వంటవాడైనా బాగానే పెడతాడు. బూరె వేడిగా ఉంటుంది, నెయ్యి గిన్నె నిండుగా తిరుగుతుంది, వడ్డించేవాళ్ళు అడిగి మరీ మారు వడ్డిస్తారు. సాంబారులో నీళ్ళు పడేది, గుత్తివంకాయ అయిపోయి దాని చోట హడావుడిగా బంగాళాదుంప వేపుడు వచ్చేది ఆఖరి బంతిలో. అక్షింతలు వేసి, ఫోటోలు దిగి, అందరూ తిన్నారో లేదో చూసుకుని ఆ బంతిలో కూర్చునేది ఇంటివాళ్ళూ వియ్యాలవారే. అందుకే కేటరర్‌ని అడిగే ప్రతి ప్రశ్నా ఆ బంతిని మనసులో పెట్టుకుని అడగాలి. పదిమందికి వండి తెచ్చిన శాంపిల్ తిని అడ్వాన్సు చేతిలో పెడితే, ఆరువందల మందికి వండేటప్పుడు అతని చెయ్యి ఎలా ఉంటుందో తెలియదు.

ముందు తలల లెక్క

కేటరర్‌కి ఫోన్ చేసే ముందే కాగితం మీద లెక్క వేసుకోండి. "పెళ్ళికి ఎంతమంది" అన్నది సరైన ప్రశ్న కాదు, "ఏ పూటకి ఎంతమంది" అని విడగొట్టాలి. ముందురోజు రాత్రి విడిదిలో భోజనం, పెళ్ళిరోజు పొద్దున కాఫీ, టిఫిన్, ముహూర్తం భోజనం, రాత్రి భోజనం, అప్పగింతల మర్నాడు పొద్దున మిగిలిన దగ్గరి బంధువులకి టిఫిన్: వీటిలో ఏ రెండింటికీ తలలు ఒకేలా ఉండవు.

ముహూర్తం వేళని బట్టి ఈ లెక్క తలకిందులవుతుంది. పగలు పదిన్నర ముహూర్తమైతే పన్నెండు దాటాక జనం ఒక్కసారి లేస్తారు. అర్ధరాత్రి దాటాక ముహూర్తమైతే ఎక్కువమంది ఎనిమిదికీ పదికీ మధ్య తినేసి వెళ్ళిపోతారు, ఎనభై వందమంది మిగులుతారు. వాళ్ళకి ఒంటిగంటకి టీ, తలంబ్రాలయ్యాక వేడిగా ఇడ్లీ, ఉప్మా లాంటిది ఏదైనా కావాలి. చాలామంది మరిచిపోయేది ఈ పూటనే. రాత్రి పదకొండుకి గిన్నెలు కడిగేసి సిబ్బంది బండెక్కాక అడిగితే పొయ్యి వెలిగించే మనిషి ఉండడు. దీన్ని విడి ఆర్డరుగా రాయించాలి.

తలల్ని లెక్కించడానికి శుభలేఖల సంఖ్య పనికిరాదు. ఐదు జాబితాలు వేసుకోండి: తప్పక వచ్చే దగ్గరి చుట్టాలు (పిల్లలతో సహా పేరుపేరునా), ఊరివాళ్ళు, ఆఫీసు, స్నేహితులు, అవతలి పెళ్ళివారు. ఆఖరిది వాళ్ళనే అడిగి రాసుకోండి, ఊహించొద్దు. పైన సన్నాయి మేళం, ఫోటో, వీడియోవాళ్ళు, డెకరేషన్ కుర్రాళ్ళు, బస్సు, కార్ల డ్రైవర్లు, హాలు సిబ్బంది కలిపి నలభై యాభైమంది తేలిగ్గా తేలతారు. వీళ్ళ భోజనం ప్లేటు లెక్కలోకి వస్తుందా రాదా అన్నది ఒప్పందంలో ఉండాలి.

మొత్తం 600 తేలిందనుకుందాం. 600కి గ్యారంటీ ఇవ్వకండి. గ్యారంటీ అంటే జనం రాకపోయినా డబ్బు కట్టే సంఖ్య. 500 గ్యారంటీ ఇచ్చి, పైన వచ్చే వందమందికి అదే ధరకి వండి సిద్ధంగా ఉంచాలని మాట్లాడండి. గ్యారంటీ మీద పది శాతం అదనంగా వండటం మామూలే, ఇరవై శాతం అంటే కేటరర్ బేరమాడతాడు. ఆ సరుకు ఖర్చు అతనిది కాబట్టి అది న్యాయమే. మధ్యలో ఎక్కడో తెగుతుంది. ఆఖరి సంఖ్య చెప్పడానికి పెళ్ళికి మూడు రోజుల ముందు దాకా గడువు తీసుకోండి. సరుకు కొనేది అప్పుడే కాబట్టి ఒప్పుకుంటారు.

ప్లేటు లెక్కా, సరుకులిచ్చి వండించుకోవడమా

ప్లేటు లెక్కలో అంతా కేటరర్‌దే: సరుకు, మనుషులు, గిన్నెలు, వడ్డన. రెండో పద్ధతిలో వంట మేస్త్రి చిట్టా రాసిస్తాడు, సరుకులు మీరు కొంటారు, అతనికీ సహాయకులకీ కూలి ఇస్తారు. సొంత ఊళ్ళో, ఇంటిముందు పందిరేసి, గాడిపొయ్యి తవ్వించి చేసే పెళ్ళికి రెండోదే రుచిలో మేలు, ఖర్చులోనూ సాధారణంగా తక్కువే. కానీ పెళ్ళిపనులు లేని మనిషి ఒకరు, చిన్నాన్నో మేనమామో, రెండు రోజులు పూర్తిగా ఆ కొట్టుగది తాళం పట్టుకుని కూర్చోవాలి. అలాంటి మనిషి లేకపోతే ఆ దారి పట్టొద్దు. నగరంలో ఫంక్షన్ హాల్లో అయితే ప్లేటు లెక్కే నయం.

మేస్త్రి ఇచ్చే చిట్టాలో నూనె, నెయ్యి, జీడిపప్పు ఎప్పుడూ కాస్త లావుగా ఉంటాయి. సరిచూసుకోవడానికి 500 మందికి శాకాహార భోజనం లెక్క ఇలా ఉంటుంది. అన్నానికి 45 నుంచి 50 కిలోల బియ్యం, పులిహోరకి విడిగా 15. పప్పుకి 15 కిలోల కందిపప్పు, సాంబారుకి 8. గుత్తివంకాయకి 40 కిలోలు. బెండకాయ వేపుడైతే 50, ఎందుకంటే మూకుట్లో అది సగానికి పడిపోతుంది. తోడు పెట్టడానికి 60 లీటర్ల పాలు. నెయ్యి 5 కిలోలు. మనిషికి రెండు చొప్పున, పైన కొంచెం వేసుకుని 1,100 బూరెలకి శనగపప్పు 15 కిలోలు, బెల్లం 15. గారెలూ బూరెలూ రెండూ ఉంటే నూనె మూడు టిన్నులు. ఇంతకు పావువంతు మించి రాస్తే ఎందుకని అడగండి. మంచి మేస్త్రి కారణం చెప్తాడు.

మాంసాహారమైతే పచ్చి మాంసం మనిషికి 150 గ్రాములు తక్కువలో తక్కువ. బగారా అన్నంలోకి మటన్ ఒక్కటే ప్రధానమైన దావత్‌కి 200 గ్రాములు వేసుకోవాలి. మటన్ ఉడికాక మూడోవంతు దాకా తగ్గుతుంది. తూకం ఎప్పుడు అన్నది ఇక్కడ అసలు సంగతి: కోసి, శుభ్రం చేసి, ముక్కలు కొట్టాకే తూకం వేయించాలి, మీ మనిషి దగ్గరుండాలి. ప్లేటు లెక్కలోనైనా "ఇన్ని కిలోల మటన్" అని ఒప్పందంలో రాయించొచ్చు. రాయించాలి కూడా.

అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు

ముందు హాలువాళ్ళని కనుక్కోండి. కొన్ని హాళ్ళు తమ కేటరర్ తప్ప బయటివాళ్ళని రానివ్వవు. రానిచ్చినా వంటగదికి విడి అద్దె, చెత్త తీయడానికి విడి రుసుము వేస్తాయి. అది తేలాక ముగ్గురు నలుగురు కేటరర్లని ఎంచుకుని మాట్లాడండి.

ఒక్కొక్కరినీ ఇలా అడగాలి: ఆ రోజు మీకు ఇంకెన్ని ఆర్డర్లున్నాయి? మా పొయ్యి దగ్గర నిలబడే మేస్త్రి ఎవరు? మాఘంలో, వైశాఖంలో గట్టి ముహూర్తం ఉన్న రోజు పేరున్న కేటరర్ నాలుగైదు పెళ్ళిళ్ళు ఒప్పుకుంటాడు. అసలు మేస్త్రి ఒక చోటే ఉంటాడు, మిగతా చోట్లకి అతని రెండో చెయ్యి, మూడో చెయ్యి వెళ్తాయి, వడ్డనకి ఆ పూట కూలికి దొరికిన కుర్రాళ్ళు వస్తారు. ఇందులో మోసమేమీ లేదు, ఆ వ్యాపారం తీరే అంత. మీ పెళ్ళికి వచ్చే మేస్త్రి వండినదే మీరు రుచి చూడాలి, అతని పేరు కాగితం మీద ఉండాలి.

లైసెన్సు చూడటం రెండు నిమిషాల పని. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ) నంబరు 14 అంకెలది, 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారాలకిచ్చే రిజిస్ట్రేషన్. ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైటు ఫాస్‌కాస్ (FoSCoS)లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో, చెల్లుబాటులో ఉందో తెలుస్తుంది. రోజుకి నాలుగు పెళ్ళిళ్ళు చేస్తానని చెప్పే మనిషి 2తో మొదలయ్యే నంబరు చూపిస్తే ఆలోచించండి.

శాంపిల్ కన్నా పెరటి వంటగది

అతను చేస్తున్న వేరే పెళ్ళికి, వాళ్ళ అనుమతితో, వెనక వైపు నుంచి వెళ్ళి ఒక అరగంట నిలబడండి. ఆషాఢం, పుష్యం లాంటి ముహూర్తాల్లేని నెలల్లో కేటరర్లు తీరిగ్గా ఉంటారు, బేరానికి అది మంచి కాలం. కానీ అప్పుడు చూడటానికి నడుస్తున్న పొయ్యి ఉండదు. అందుకని ముహూర్తాలున్న నెలలోనే చూసి, లేని నెలలో ధర మాట్లాడుకోవడం తెలివి.

వెళ్ళాక ఏం చూడాలి? కూరగాయలు నేల మీద పోసి తరుగుతున్నారా, పట్టా మీదా. పచ్చి మాంసం కోసే చోటు కూరగాయలకి ఎంత దూరంలో ఉంది. తాగే నీళ్ళ డ్రమ్ముకి మూత ఉందా, అందులో మగ్గు ముంచే చెయ్యి ఎలా ఉంది. చేతులు కడుక్కోడానికి సబ్బు ఎక్కడుంది, అసలుందా. వేపుడు మూకుట్లో నూనె రంగు చూడండి. నల్లబడి, పైన నురగ కట్టి, పొగ త్వరగా వస్తుంటే అది నిన్నటి పెళ్ళి నూనె. గార్ల అడుగున నల్ల రవ్వలు అంటుకుని ఉన్నా అదే కథ. ఇక గంజి వార్చిన అన్నం ఎక్కడ పోశారో చూడండి. చాప మీద, ఉతికిన తెల్ల గుడ్డ పరిచి, పైన ఇంకో గుడ్డ కప్పి ఉంటే ఆ మేస్త్రి పద్ధతైన మనిషి. సిమెంటు సంచులు విప్పి కుట్టిన పట్టా మీద పోసి ఉంటే అక్కణ్ణుంచి అలాగే వచ్చేయండి, భోజనం ఎంత బాగున్నా సరే.

ఉన్నదంతా చూశాక ఆఖరి బంతికి ఆగి అక్కడ సాంబారు ఒక గరిటె రుచి చూడండి. దీన్ని మించిన శాంపిల్ లేదు.

ఇంటికి తెప్పించుకునే శాంపిల్‌లో పనీరు, మంచూరియా లాంటివి అడగొద్దు. మసాలాలో ఏదైనా దాక్కుంటుంది. ముద్దపప్పు, సాంబారు, పులిహోర, వంకాయ, పెరుగు అడగండి. పులిహోరని తెచ్చిన రెండు గంటల తర్వాత తినండి: పులుపు పట్టి, పొడిపొడిగా ఉండాలి. ముద్దైతే బియ్యం కొత్తవని అర్థం. సోనా మసూరి కనీసం ఆర్నెల్లు పాతబడినవి వాడతానని చెప్పించండి. కొత్త బియ్యంతో వందమందికి అన్నం వండొచ్చేమోగాని పెద్ద గంగాళంలో అడుగు అన్నం పై బరువుకి ముద్దైపోతుంది.

మెనూ తగ్గించడం ఒక కళ

ముప్ఫై రకాలు పెడితే గొప్పగా ఉంటుందనుకోవడం ఈమధ్య జబ్బు. రకం పెరిగేకొద్దీ ఒక్కో వంటకి దొరికే పొయ్యి, మనిషి, సమయం తగ్గుతాయి. అరిటాకు భోజనానికి ఒక పప్పు, రెండు కూరలు, ఒక వేపుడు, పులిహోర, సాంబారో దప్పళమో ఒకటి, రెండు పచ్చళ్ళు, అప్పడం, ఒక పిండివంట, ఒక తీపి, పెరుగు చాలు. తెలంగాణ వైపైతే బగారా, మటన్ లేదా చికెన్, పచ్చిపులుసు, పప్పు, ఒక కూరగాయ, డబుల్ కా మీఠా. దీనికి మించి పెట్టాలనుకుంటే ఒక్క వంట ఎంచుకుని దాన్ని గొప్పగా చేయించండి: పనసపొట్టు ఆవకూరో, ఉలవచారో, ఖుబానీ కా మీఠానో. జనం గుర్తుపెట్టుకుని చెప్పేది ఆ ఒక్కటే.

పూతరేకులు, కాజాలు, ఐస్‌క్రీం, కిళ్ళీ కేటరర్ చేయడు, కొని తెస్తాడు. వాటికి అతని లాభం కలిపి మీరెందుకు కట్టాలి? నేరుగా తెప్పించుకుని ప్లేటు ధరలోంచి తీయించండి. నెయ్యి కూడా మీరే ఇస్తానని చెప్పండి. ధర తగ్గేది కొంచెమే అయినా మొదటి ముద్దలో వచ్చే వాసన మీ చేతిలో ఉంటుంది.

ఎండాకాలం పెళ్ళికి కొబ్బరి పచ్చడి వద్దు. మే నెల వేడికి, చేసిన మూడు నాలుగు గంటల్లోనే వాసన మారుతుంది. పెరుగు పచ్చడి అప్పటికప్పుడు కలపాలి. పగటి భోజనానికి పాలు ముందురోజు సాయంత్రమే తోడేస్తే వడ్డన వేళకి పుల్లబడుతుంది, బాగా రాత్రయ్యాక తోడెయ్యమని చెప్పండి. బూరెలు నూనెలో పగిలాయంటే పూర్ణంలో తడి ఉండిపోయిందన్నమాట. దగ్గరపడేదాకా పూర్ణం కలియబెట్టే ఓపిక మనుషులు తక్కువైనచోట ఉండదు. పొద్దున్నే వండి మూత బిగించి ఉంచిన అన్నం, పప్పు గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే కడుపులు పాడయ్యేది వాటివల్లే. వేడి వంట పొగలు కక్కుతూ, 60 డిగ్రీలకి పైనే ఉండాలి. అందుకే అన్నాన్ని ఒక్కసారి కాకుండా ముప్పావుగంటకొక విడతగా వండమని రాయించండి. కూరలకి తాలింపు కూడా బంతి బంతికీ వేసేలా మాట్లాడుకోవచ్చు.

శ్రావణం, కార్తికంలో పెళ్ళైతే మాంసాహారం పెట్టే ఇంట్లో కూడా శాకాహార భాగాన్ని పెంచాలి. మామూలు రోజుల్లో తినేవాళ్ళలోనూ ఆ నెలల్లో ముట్టనివాళ్ళు చాలామంది ఉంటారు.

వడ్డన: ఇక్కడే ఎక్కువ పెళ్ళిళ్ళు తప్పుతాయి

బంతి భోజనానికి ఆకు వేసినప్పట్నుంచి లేచి, బల్ల తుడిచి, మళ్ళీ ఆకు వేసేదాకా 40 నిమిషాలు పడుతుంది. వంద కుర్చీలతో 600 మందికి ఆరు బంతులు, అంటే నాలుగు గంటలు. రెండువందల కుర్చీలు వేస్తే మూడు బంతులు, రెండు గంటలు. వడ్డించేవాళ్ళు పదిహేనుమందికి ఒకరు చొప్పున, నీళ్ళకి, ఆకులు తీయడానికి వేరే మనుషులు. రెండువందల మంది బంతికి పద్నాలుగుమంది కన్నా తగ్గితే అన్నం వచ్చాక కూర రాదు, కూర వచ్చేసరికి అన్నం చల్లారుతుంది.

బఫేలో ఒక వైపు వరసలో నిమిషానికి నలుగురు దాటితే గొప్ప, గంటకి 240. రాత్రి 800 మందిలో ఎనిమిదీ తొమ్మిదీ మధ్య ఒక్క గంటలోనే 500 మంది వస్తారని లెక్క వేసుకోండి. అంటే కనీసం మూడు వైపులు. రెండు కౌంటర్లు, రెండేసి వైపులా వరసలు పెడితే ఇబ్బంది ఉండదు. దోసె, చాట్ లాంటి లైవ్ కౌంటర్ దగ్గర మనిషికి నిమిషం పైనే పడుతుంది కాబట్టి దాన్ని భోజనం వరసకి దూరంగా, విడి మూలకి పెట్టించండి. పెద్దవాళ్ళకి, పిల్లల తల్లులకి బఫేలో కూడా యాభై కుర్చీలు, ఇద్దరు వడ్డించేవాళ్ళు ఉంచాలి. దీన్ని అడిగితే తప్ప ఎవరూ పెట్టరు.

తాగునీళ్ళు మనిషికి లీటరు చొప్పున, 600 మందికి 20 లీటర్ల క్యాన్లు ముప్ఫై. వంటకీ కడగడానికీ ట్యాంకరు ఎవరిదో ముందే తేల్చుకోండి. గ్యాస్ అయితే 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే వాడాలి, ఇంటి సిలిండర్లు తెస్తే ఒప్పుకోకండి.

కాగితం మీద ఏముండాలి

వంటల పేర్లు మాత్రమే రాస్తే సరిపోదు. "వేపుడు ఒకటి" అని రాస్తే ఆ రోజు ఏది చవకో అదే వస్తుంది. "దొండకాయ, జీడిపప్పుతో" అని రాయాలి. గ్యారంటీ సంఖ్య, అదనపు ప్లేటు ధర, పిల్లల లెక్క, సిబ్బంది భోజనాలు, మేస్త్రి పేరు, వడ్డించేవాళ్ళ సంఖ్య, వంట మొదలుపెట్టే వేళ, మొదటి బంతి వేళ, ఆఖరి బంతి వేళ. బల్లలు, గుడ్డలు, ఆకులు, నీళ్ళు, గ్యాస్, రవాణా, చెత్త ఒక్కొక్కటీ ఎవరిదో రాయాలి. జీఎస్టీ ధరలో కలిసిందా, పైనా? బయట కేటరింగ్‌కి మామూలుగా 5 శాతం, ఖరీదైన హోటల్ ఆవరణలో అయితే 18 శాతం దాకా పడుతుంది. ప్లేటు 500 అనుకుంటే 600 మందికి ఆ తేడా 39,000 రూపాయలు.

చెల్లింపు మూడు విడతలు మంచిది: బుక్ చేసేటప్పుడు ఇరవై శాతం, సరుకు కొనే వారంలో సగం, మిగతాది ప్లేట్ల లెక్క తేలాక. పెళ్ళి వాయిదా పడితే అడ్వాన్సు ఏమవుతుందో కూడా ఒక్క వాక్యం రాయించండి. మైల వచ్చి ముహూర్తం మారడం అరుదేమీ కాదు.

ఆ రోజు

ప్లేట్ల లెక్క మీద జరిగినన్ని గొడవలు ఇంక దేనిమీదా జరగవు. వడ్డన మొదలవకముందే మీ మనిషీ కేటరర్ మనిషీ కలిసి ప్లేట్ల కట్టలు లెక్కపెట్టి, ఆ సంఖ్య రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అయిపోయాక మిగిలినవి లెక్కపెట్టి తీసెయ్యాలి. స్వీటు గిన్నెలు, రెండోసారి తీసుకున్న ప్లేట్లు, కేటరర్ సిబ్బంది తిన్నవి లెక్కలోకి రావని ముందే అనుకోండి. అరిటాకులైతే కట్టలు లెక్కపెట్టడం ఇంకా తేలిక. కౌంటరు దగ్గర కూపన్లు పెట్టడం వద్దు, చుట్టాలు నొచ్చుకుంటారు.

రెండో బంతి లేచేసరికి మీ మనిషి వంటగదిలోకి వెళ్ళి ఏ గంగాళంలో ఎంత ఉందో కళ్ళతో చూడాలి. వంకాయ మూడోవంతుకి దిగిందంటే అప్పుడే చెప్పాలి, ఇంకో మూకుడు పెట్టడానికి ముప్పావుగంట వ్యవధి ఉంటుంది. మధుపర్కాలతో పీటల మీద ఉన్న వధూవరులకి, కన్యాదాతలకి, పురోహితుడికి భోజనం మొదటి బంతికి వడ్డించేటప్పుడే హాట్‌బాక్సుల్లో తీయించి ఒక గదిలో తాళం వేయించండి.

మిగిలిన వంటలో అన్నం, పప్పు, సాంబారు, కూర వేడి చల్లారకముందే అనాథాశ్రమానికో వృద్ధాశ్రమానికో వెళ్ళాలి. వాళ్ళతో ముందురోజే మాట్లాడి, బండీ గిన్నెలూ సిద్ధంగా ఉంచుకోండి. పనీరు, మాంసం, పెరుగు పంపకండి. ప్లేట్ల లెక్క ముగించి బాకీ కట్టే ముందు కేటరర్ గిన్నెల బుట్టలు ఒకసారి విప్పించి చూడండి. పూజకి తెచ్చిన ఇంటి ఇత్తడి చెంబులు, వెండి గిన్నెలు ఎవరూ కావాలని వేయకుండానే ఆ కడిగిన గరిటెల మధ్యకి చేరతాయి.